అడుగుండ్రి చెప్తా: ఈసారి అన్నీ తుపాకీ రేంజ్ ముచ్చట్లే

పోయిన నెల ఏర్ రైఫిల్ గురించి రెండు ముక్కలు రాసిన్నో లేదో వాట్సాప్ నిండ ప్రశ్నలే, పోస్టుల గూడ అయిదారు ఉత్తరాలు వచ్చినయి, అందుకని ఈసారి పట్టాపాసుబుక్కుల ప్రశ్నలు జర పక్కకు పెట్టిన. ముందే చెప్తున్న, నేను మెడల్ కొట్టినోన్ని గాదు. పాలమూరుల డిగ్రీ చదివేటప్పుడు ఎన్‌సీసీల పాయింట్ టూటూ (.22) రైఫిల్ పట్టుకున్న, తర్వాత కొన్నేండ్లు ఒక క్లబ్బు రేంజ్ మీద ఆదివారాలు డ్యూటీ చేసిన. నాకు తెలిసిందంతా ఆ ఆదివారాలల్ల తెలిసిందే.

ప్రశ్న: మా పాప తొమ్మిదో తరగతి. పారిస్ ఒలింపిక్స్‌ల మను భాకర్‌కు రెండు మెడల్స్ వచ్చినకాంచి షూటింగ్ షూటింగ్ అని ఒకటే పట్టు. ఇక్కడనే ఒక క్లబ్బుల చేర్పించినం. మూడు వారాలైంది, ఒక్క గుండు పేల్చనియ్యలే, ఉత్త రైఫిల్ పట్టుకొని నిలబెడ్తున్నరు, ఫీజు మాత్రం మొత్తం కట్టించుకున్నరు. మా ఆయనేమో ‘ఏదన్న అయితే ఎవరు జిమ్మేదారి’ అంటున్నడు. ఏం చూసి నమ్మాలె?
– ఓ తల్లి, మహబూబ్‌నగర్

జవాబు: అక్కా, మూడు వారాలు పేల్చనియ్యలేదంటే నాకైతే ఆ కోచ్ మీద నమ్మకం కుదిరింది. మొదటిరోజే చేతిల పెట్టి ‘కొట్టు బిడ్డా’ అని ఫోటో తీసి మీకు పంపితే అప్పుడు భయపడాలె. పది మీటర్ల ఏర్ రైఫిల్ అయిదున్నర కిలోల దాంక బరువుండొచ్చు, గురి పెట్టే కార్డు మీద పది మార్కుల చుక్క అర మిల్లీమీటరు, అంటే పెన్ను మొనంత, దాన్ని కొట్టాలంటే ముందు కాళ్లు, నడుము, ఊపిరి కుదరాలె, ఆ పనికి గుండు అక్కర్లేదు. ఆ మూడు వారాలల్ల పాపకు ఇంకోటి గూడ అలవాటైతది, వేలు ట్రిగ్గర్ మీదికి ఊకె పోకుండ బయటనే ఉండుడు. తర్వాత నేర్పుదామంటే ఈ ఒక్కటి మాత్రం రాదు.

మీ ఆయన అన్నది గూడ తప్పేం కాదు. ఏర్ రైఫిల్ అంటే జాతరల బుగ్గలు కొట్టే తుపాకీ అనుకుంటరు శానమంది. నాలుగున్నర మిల్లీమీటర్ల సీసపు గుండు సెకనుకు దాదాపు 170 మీటర్ల స్పీడుతోని పోతది, కంటికి తగిలితే కన్ను పోయినట్టే. అందుకే ఒక ఆదివారం మీరిద్దరు పోయి వెనుక కుర్చీల గంటసేపు కూసోండ్రి, ఏం అడగొద్దు, చూడుండ్రి. రైఫిల్ బల్ల మీద ఉన్నప్పుడు లోపట ఒక ఆరెంజో పచ్చదో తీగ కనపడ్తున్నదా? దాన్ని సేఫ్టీ ఫ్లాగ్ అంటరు. ఏర్ రైఫిల్‌కైతే గొట్టం మొత్తం పారి ముంగట మొన నుంచి గూడ బయటికి కనపడాలె, అది లోపల ఉన్నంతసేపు గుండు పెట్టనీకె రాదు. కొనేటందుకు పైసలు లేని క్లబ్బులు గడ్డి కోసే బ్రష్ కట్టర్‌ల వేసే నైలాన్ తీగ ఉంటది సూడు, ఎరువుల దుకాణం పక్కన స్పేర్ పార్టుల షాపుల దొరుకుతది, అది కోసి పెట్టుకుంటరు, మేము గూడ గదే చేసినం, దాంట్ల నామోషీ ఏం లేదు. తీగ లేకుండ బల్ల మీద రైఫిల్ ఉంటే మాత్రం అది ఎంత ఖరీదైన జర్మన్ రైఫిల్ అయినా లేచి వచ్చేయుండ్రి.

ఇంక గొంతు వినుండ్రి. రేంజ్ మీద హుకుం ఇచ్చే గొంతు ఒక్కటే ఉండాలె. లోడ్, స్టార్ట్, స్టాప్, అన్‌లోడ్, ఇవే మాటలు, ప్రపంచమంతా ఇవే. నలుగురు నాలుగు చెప్తున్నరంటే అక్కడ ఎవ్వరు చెప్తలేనట్టే. కార్డులు మార్చనీకె ఎవరన్న ముంగటికి పోయినప్పుడు లైన్ మీద, అంటే కొట్టేటోళ్లు నిలబడే జాగల, ఒక్కరు గూడ తుపాకీ ముట్టొద్దు, సాఫ్ చేస్తున్నా అని గూడ ముట్టొద్దు, అద్దం తుడుస్తున్నా అని గూడ వద్దు. కొన్ని రేంజ్‌లల్ల కార్డు తాడు మీద దగ్గరికి వస్తది, కొన్నిట్ల మిషన్ స్క్రీన్ మీదనే చూపిస్తది, అక్కడ ఈ తిప్పలు తక్కువ.

ఇంకో సంగతి, ఇది మీకే చెప్తున్న. పాప లైన్ మీద ఉన్నప్పుడు వెనుక నుంచి పేరు పెట్టి పిలవకుండ్రి. నేను ఎన్‌సీసీల ఉన్నప్పుడు గదే అయింది, దోస్తు ఒకడు ‘అరేయ్’ అన్నడు, నేను తల తిప్పిన, తలతోని భుజం, భుజంతోని రైఫిల్ తిరిగింది, పక్కన పండుకొని ఉన్న పిల్లగాని మీదికెళ్లి గొట్టం అట్ల పోయింది. పేలలే, గుండు లేదు. ‘ఖాళీనే సార్’ అన్న. హవల్దార్ సాబ్ తిట్టలే, కొట్టలే, మిగతా క్యాంపంతా నన్ను లైన్ మీదికే రానియ్యలే, అయిదు రోజులు వెనుక చెట్టు కింద కూసోని ఖాళీ కేసులు, అంటే పేలినంక మిగిలే తూటా డొల్లలు, లెక్కబెట్టిన. మనిషిని పిలిస్తే తిరుగుతడు, అది సహజం, కాబట్టి పిలవకుండ ఉండుడే ఉపాయం. టిఫిన్ డబ్బా తెచ్చినా సరే, స్టాప్ అని, తుపాకులు కింద పెట్టి, తీగలు కనపడ్డంకనే పిలువుండ్రి.

మీ ఆయనకు ఇంకో మాట చెప్పుండ్రి, 2012 లండన్‌ల కాంస్యం తెచ్చిన గగన్ నారంగ్ మన హైదరాబాద్‌ల పెరిగినోడే, కొట్టింది గూడ ఇదే పది మీటర్ల ఏర్ రైఫిల్. అంత పెద్దోడైనా లైన్ మీద తీగ పెట్టాల్సిందే.

ప్రశ్న: అన్నా, పీసీపీ ఏర్ రైఫిల్ కొన్న, అదే ముందుగాల సిలిండర్ల గాలి నింపుకొని కొట్టేది, .177దే (నాలుగున్నర మిల్లీమీటర్ల గుండుది). సిలిండర్ల గాలి అయిపోయింది, నింపనీకె హైదరాబాద్ పోవాలంటున్నరు. మా దోస్తుది వెల్డింగ్ షాపు, ఆక్సిజన్ సిలిండర్‌కు ఒక కనెక్టర్ చేపిస్తే నింపుకోవచ్చు, ఆక్సిజన్ అంటే గాలే గదా అంటున్నడు. నిజమేనా?
– మిర్యాలగూడ నుంచి ఒక తమ్ముడు

జవాబు: తమ్మీ, ఇది చదివేలోపు ఆ కనెక్టర్ చేపించి ఉంటే తీస్కపోయి మూసీల పారెయ్. వద్దు. ఈ కాలమ్‌ల నేను ఏ ప్రశ్నకు గూడ ఇంత గట్టిగ వద్దు అనలే.

ఆక్సిజన్ తానుగ మండదు, పక్కనున్న దాన్ని మండిస్తది. నీ రైఫిల్ లోపల రబ్బరు రింగులుంటయి, గ్రీజు ఉంటది, ఎక్కడో ఒక బొట్టు నూనె ఉంటది. మామూలు గాలిల అయిదో వంతే ఆక్సిజన్, అందుకే అవి ఊకుంటయి. పూరా ఆక్సిజన్‌ను అంత ప్రెషర్‌ల గుంజి నింపితే ఆ వత్తిడికే వేడి పుడ్తది, నిప్పురవ్వ గూడ అక్కర్లేదు, ఆ గ్రీజు అంటుకుంటది, సిలిండర్ చేతులల్లనే పగులుతది. నీ చెంప పక్కన పెట్టుకునే సిలిండర్ అది, యాద్ పెట్టుకో. నమ్మకుంటే మీ దోస్తునే అడుగు, ఆక్సిజన్ గేజ్ మీద నూనె వాడొద్దని ఎందుకు రాసిపెట్టిండ్రని, వెల్డింగ్ నేర్పిన ఉస్తాద్ మొదటిరోజు చెప్పిన మాట అదే అయి ఉంటది.

ప్రెషర్ ఎంతంటే కారు టైర్ల ముప్పై పౌండ్లు కొట్టిస్తం గదా, అది రెండు బార్లు. మ్యాచ్ రైఫిల్ సిలిండర్ల 200 బార్లు. పంక్చర్ షాపు కంప్రెసర్ అక్కడిదాంక రానే రాదు, వచ్చే గాలిల గూడ నీళ్లే. దానికని చేసిన చేతిపంపు దొరుకుతది, సైకిల్ పంపు లెక్కనే ఉంటది గాని చెమటలు కక్కిస్తది, తేమ పట్టుకునే ఫిల్టర్ ఉన్నది చూసి కొను. లేకుంటే నీళ్లల్ల దూకే డైవర్లు వాడే గాలి సిలిండర్, లేదంటే ఫిల్టర్ ఉన్న హై ప్రెషర్ కంప్రెసర్, అది నలుగురు కలిసి క్లబ్బుకు కొంటే నడుస్తది. నింపేటప్పుడు నిమ్మళంగ నింపు, తొందరవడితే వేడెక్కి, చల్లారినంక ప్రెషర్ దిగిపోతది. సిలిండర్ మీద తారీకు కొట్టి ఉంటది, చేసిన తారీకు నుంచి పదేండ్లు దాటిందాన్ని పోటీలకు రానియ్యరు, నువ్వు ఇంట్ల గూడ వాడకు. సెకండ్ హ్యాండ్ కొన్నోళ్లు ముందు చూడాల్సింది ఆ తారీకునే, రైఫిల్ పాలిష్ కాదు.

ప్రశ్న: సార్, నేను డిగ్రీ సెకండియర్. మా క్లబ్బుల ఆదివారం రేంజ్ ఆఫీసర్ డ్యూటీ నాదే. మా నాయిన వయసున్న ఒక సార్ వస్తరు, పెద్ద ఉద్యోగం చేసి రిటైరయిండ్రు, అందరికీ ఆయనంటే గౌరవం. నేను స్టాప్ అన్నంక గూడ ‘ఒక్క షాట్ బిడ్డా’ అంటరు, తుపాకీ పట్టుకొని వెనక్కి తిరిగి ముచ్చట పెడ్తరు. ఏదన్న అంటే ‘ఖాళీనే, నువ్వు పుట్టకముందు నుంచి పట్టుకుంటున్న’ అని నవ్వుతరు. ఆయనకు ఎట్ల చెప్పాలె?
– నల్లగొండ

జవాబు: బిడ్డా, మన దిక్కు కష్టమే ఇది. పెద్దమనిషికి ఎదురు చెప్పొద్దని చిన్నప్పటినుంచి నేర్పిండ్రు, ఇప్పుడేమో నీ చేతిల ఈలబుర్ర పెట్టి నిలబెట్టిండ్రు. అయినా ఆయనతోని వాదన పెట్టుకోకు. గుండు ఉన్నదా లేదా అనే వాదనల నువ్వు దిగినవంటే ఓడిపోతవ్, ఎందుకంటే నూటికి తొంబైతొమ్మిది సార్లు ఆయన చెప్పిందే నిజమైతది, అది ఖాళీనే ఉంటది. ప్రమాదమైన ప్రతి తుపాకీ గూడ దాన్ని పట్టుకున్నోని లెక్కల ఖాళీదే. నువ్వు అడగాల్సింది ‘ఖాళీనా సార్’ అని గాదు, ‘చూపియ్యుండ్రి సార్’ అని. గొట్టం కార్డు దిక్కు, బోల్ట్ (గుండు పెట్టే చోటును మూసే కడ్డీ) తెరిచి, నువ్వు కండ్లతోని చూసి, తీగ పెట్టినంకనే ఖాళీ. ఎన్‌సీసీల, పటాలంల ‘నిరీక్షణ్ కే లియే జాంచ్ శస్త్ర్’ అంటరు, ఆ మాటకు సుబేదార్ అయినా సిపాయి అయినా తుపాకీ తెరిచి చూపియ్యాల్సిందే, ఆడ ఎవ్వరికీ అవమానం కాదు. మీ సార్‌కు ఈ ముక్క తెలిసే ఉంటది, జర యాది చెయ్.

రెండోది, నీ మాట ఎట్ల వస్తున్నదో ఒకసారి చూస్కో. ‘స్టాప్ సార్, ప్లీజ్’ అంటున్నవా? అది హుకుం కాదు, విన్నపం, విన్నపానికి ‘ఒక్క షాట్’ అని జవాబొస్తది. స్టాప్‌కు అండీ లేదు, గారూ లేదు. ఆయన దిక్కు చూసి అనకు, లైన్ మొత్తానికి అను, పొట్టల నుంచి, ఒకే మాట. స్టాప్ అన్నంక నువ్వు ఒప్పుకోకుండ తుపాకీ ముట్టుకున్నోన్ని పోటీల నుంచే తీసేయొచ్చని అంతర్జాతీయ రూల్‌లనే ఉన్నది, అది ప్రింట్ తీసి లైన్ వెనుక గోడకు అంటించు, అప్పుడు ఆయనకు చెప్పేది నువ్వు కాదు, గోడ. తీగలు పెట్టి, అందరు వెనక్కి వచ్చినంక ఎన్ని సార్లు ‘సార్’ అన్నా పర్వాలేదు, చాయ్ గూడ పొయ్.

ఇంకొకటి, కొన్నిసార్లు ఆయన ‘ఒక్క షాట్’ అన్నదాంట్ల నిజం ఉండొచ్చు. ఏర్ రైఫిల్‌ల గుండు పెట్టేసినంక స్టాప్ వచ్చిందనుకో, దాన్ని వెనక్కి తీయనీకె రాదు, కొట్టాల్సిందే. అప్పుడు ఆయన చెయ్యెత్తాలె, ‘లోడ్ అయి ఉన్నది’ అని చెప్పాలె, నువ్వు ముంగట ఎవ్వరు లేరని చూసి, కొట్టుమంటేనే కొట్టాలె. తేడా అంతే, ఆయన చెప్పి కొట్టుడా, నువ్వు చెప్పినంక కొట్టుడా. స్టాప్ మాట మాత్రం నీ ఒక్కదాని సొత్తు కాదు, ముంగట కుక్క కనపడ్డా, పిల్లి కనపడ్డా చాయ్ తెచ్చే పిల్లగాడు గూడ అరవొచ్చు, స్టార్ట్ మాత్రం నువ్వే అనాలె. ఇంత చేసినా ఆయన తిరిగితే ఆ రోజు రేంజ్ బంద్ చేసి ఇంటికి పో, ఎందుకు బంద్ చేసినవో కమిటీకి ఒక కాగితం రాసియ్. ఒక ఆదివారం నలుగురికి ఆట పోతే వాళ్లే ఆయనకు చెప్తరు, నీకు నోరు నొవ్వదు.

ప్రశ్న: మాకు బత్తాయి తోట ఉన్నది. మా తమ్ముడు ఏర్ గన్ తెచ్చిండు, షెడ్డు వెనుక బండకు కార్డు అంటించి ప్రాక్టీస్ చేస్తున్నడు. కోతుల మీద గూడ కొడ్తనంటున్నడు. దీనికి లైసెన్స్ కావాల్నా?
– నల్లగొండ జిల్లా రైతు

జవాబు: .177 బోరు, 20 జౌల్స్ కంటే తక్కువ పవర్ ఉంటే లైసెన్స్ అక్కర్లేదు, అంతకు మించితే కావాలె. కాని నాకు లైసెన్స్ కంటే ఆ బండ భయమైతున్నది. నల్లగొండ దిక్కు ఎటు చూసినా బండలే గదా అని దానికే అంటిస్తరు, బండకు తగిలిన గుండు ఎటు ఎగురుతదో దేవునికే తెల్వాలె, కొట్టినోని మొకానికి గూడ రావొచ్చు. ఇనుప బీబీ గుండ్లయితే ఇంక అధ్వాన్నం. పాత డబ్బా ఒకటి తీస్కొని గోనెసంచులు, చినిగిన చీరలు, పాత పేపర్లు గట్టిగ కుక్కి, వెనుక ఒక ఇనుప రేకు పెట్టి, దాని వెనుక ఇటుక గోడో మట్టి కట్టనో ఉండేటట్టు చూసి కార్డు పెట్టుమనుండ్రి. వందల గుండ్లు ఒకే దగ్గర పడితే నడుమ బొక్క పడ్తది, గందుకని అప్పుడప్పుడు మళ్ల కుక్కాలె. కండ్లద్దాలు పెట్టుమనుండ్రి. షెడ్డు పక్క నుంచి కూలీలు, బర్లు వచ్చే తొవ్వ ఉంటే ఆ జాగ పనికిరాదు, వేరే దిక్కు చూసుకోవాలె.

కోతుల సంగతికొస్తే, చెట్టు మీది కోతిని కొట్టాలంటే గొట్టం మీదికి లేపాలె, మీదికి లేపితే తప్పిన గుండు వెనుక ఆపేది ఏం ఉండదు, అవతల తోటల ఎవరున్నరో కొమ్మల సందుల కనపడదు. రేంజ్‌ల మొదటి పాఠం గదే, కొట్టేదాని వెనుక ఏమున్నదో తెలిస్తేనే కొట్టు. కోతికి గుండు దిగి రోజుల తరబడి పుండుతోని తిరుగుడు పాపం, జంతువులను హింసించొద్దని 1960ల చేసిన చట్టం గూడ ఉన్నది. ఇంక నెమలి మీదికో చిలుక మీదికో లేపిండంటే అడవిశాఖోళ్లు ఇంటికే వస్తరు.

ప్రశ్న: పెండ్లి బరాత్‌ల మా మామ లైసెన్స్ తుపాకీ తీసి పైకి రెండు రౌండ్లు కొడ్తనంటున్నడు, ఆకాశంల కొడ్తె ఏమైతది?
– పేరు వద్దు, జడ్చర్ల

జవాబు: ఆకాశంల ఆగదు, కిందికి వస్తది. 2019ల ఆయుధాల చట్టం మార్చిండ్రు, సంబరానికి పేల్చి పక్కనోళ్ల ప్రాణం మీదికి తెస్తే రెండేండ్ల దాంక జైలు, లక్ష దాంక జుర్మానా, రెండూ గూడ పడొచ్చు. మామను డీజే ముంగట డ్యాన్స్ చేయుమనుండ్రి.

ప్రశ్న: ఎన్‌సీసీ క్యాంపుల ఫైరింగ్ ఉన్నది. ట్రిగ్గర్ నొక్కినా పేలకపోతే ఏం చెయ్యాలె? సీనియర్లు వెంటనే బోల్ట్ గుంజి ఇంకోటి పెట్టమంటున్నరు.
– ఒక క్యాడెట్, నాగర్‌కర్నూల్

జవాబు: సీనియర్ల మాట ఇనకు. పేలకపోతే ఏం చెయ్యకు, అదే చేసేది. గొట్టం టార్గెట్ దిక్కే పెట్టి, కదలకుండ, ముప్పై సెకండ్లు మనసుల లెక్కపెట్టు, ఎడమ చెయ్యి లేపు. తూటా లోపటి మందు కొన్నిసార్లు ఆలస్యంగ అంటుకుంటది, నువ్వు బోల్ట్ తీసినప్పుడు అంటుకుంటే నీ మొకం ముంగటనే పేలుతది. ఇన్‌స్ట్రక్టర్ వచ్చినంక ఆయన చెప్పినట్టు, మొకం పక్కకు పెట్టి తెరువు. పేలని ఆ రౌండ్‌ను జేబుల వేసుకోవాలని బుద్ధి పుడ్తది, మా బ్యాచ్‌ల గూడ పుట్టింది ఒకనికి. వద్దు, పాయింట్ టూటూల నిప్పు మందు వెనుక అంచు చుట్టూ ఉంటది, ఎక్కడ దెబ్బ తగిలినా చాలు, పైగా రౌండ్లు, ఖాళీ కేసులు అన్నీ లెక్కకు రాకుంటే క్యాంపు అంతా మిమ్మల్ని గడ్డిల వెతికిస్తరు.

పేలకపోవుడు కంటే పాడు ఇంకోటున్నది. చప్పుడు ఫట్ మని రాకుండ ఫుస్సుమని వస్తే గుండు గొట్టంలనే ఇరికి ఉండొచ్చు. దాని వెనుక ఇంకోటి కొట్టినవో, గొట్టం పగులుతది. చప్పుడు తేడా వచ్చిందంటే ఆగు, చెయ్యెత్తు, తప్పనిపిస్తే నవ్వుతరు, నవ్వనియ్. ఆ బుజ్జి గుండు కిలోమీటరు దాటి గూడ పోతది, అందుకే మీ ఫైరింగ్ జాగ వెనుక గుట్టనో మట్టి కట్టనో ఉంటది, ఎర్ర జెండా ఎగురుతది, చెవులకు ప్లగ్గులు లేకుంటే అడిగి తీస్కో.

ప్రశ్న: మా రేంజ్‌ల చాయ్, మిర్చి బజ్జీలు లైన్ వెనుకనే బల్ల మీద పెడ్తరు. గుండ్లు తేలికగ దొరకాలని కొంతమంది పెదవుల నడుమ పెట్టుకుంటరు. ఇబ్బంది ఏమన్న ఉంటదా?
– వనపర్తి

జవాబు: ఉంటది. ఆ గుండ్లు సీసం. చేతులకు అంటేది కనపడదు, బజ్జీతోని లోపలికి పోతది, పిల్లల మెదడు మీద, కడుపుతోని ఉన్నోళ్ల మీద ఇంక ఎక్కువ పని చేస్తది. పెదవుల నడుమ గుండు పెట్టుకునేటోన్ని చూస్తే నాకు ఒళ్లు మండుతది, చిన్న డబ్బా మూత ఒకటి బల్ల మీద పెట్టుకుంటే అయిపోయేదానికి. గుండ్లు పడే చోట అటెండర్‌తోని పొడి చీపురుతోని ఊడిపించొద్దు, ఆ దుమ్ము అంతా ముక్కులకు లేస్తది, తడి బట్టతోని తుడిపించుండ్రి. సబ్బు, చల్లనీళ్లు బయట పెట్టిపియ్యుండ్రి, కడిగినంకనే తినుడు. బజ్జీ నాకు గూడ పానం, మా క్లబ్బోళ్లం గేటు బయట బండి దగ్గర నిలబడి తింటం, బండాయన గూడ ఇప్పుడు మా చేతులు చూసినంకనే ప్లేట్ ఇస్తడు.